పందిరి మీది పేరు

అనగనగా, మన తాతల తాతలకు కూడా పాత సంగతే అయిన రోజుల్లో, ఏటి ఒడ్డున నెమలిపట్నం అని ఒక ఊరుండేది. ఆ ఊరికి రాజున్నాడు, కోట ఉంది, కోట ముందర ఏనుగులూ ఉన్నాయి. కానీ వాటిని చూడటానికి ఎవరూ అక్కడికి వచ్చేవారు కారు. అందరూ వచ్చేది సంతకు.

ఆ సంతలో దొరకని వస్తువు లేదు. ముత్యాల దగ్గర్నుంచి చీపుర్ల దాకా అన్నీ వచ్చేవి. కలిగిన వర్తకులకు చెక్కుడు స్తంభాల అంగళ్ళుండేవి. ప్రతి అంగడి నుదుటా యజమాని పేరు, చదువు రానివాళ్ళ కోసం ఆ పేరు పక్కనే సరుకు బొమ్మ ఉండేవి. చిన్న చిన్న అమ్మకాలవాళ్ళకు మాత్రం నేలే అంగడి. ఎండొస్తే ఎండేవారు, వానొస్తే తడిసేవారు, గాలొస్తే తట్టల వెంట పరుగెత్తేవారు.

ఆ ఊళ్ళో కామసాని అని ఒకామె గుడారాలు కుట్టుకుని బతికేది. చేతిలో సూది ఎంత చురుకో, బుర్రలో ప్రశ్న అంత చురుకు. "ఇదెందుకు ఇలా ఉంది?" అని ఎవరినో ఒకరిని అడగనిదే ఆమెకు ఆ పూట అన్నం సహించేది కాదు. చీమలు వరస తప్పకుండా ఎలా పోతాయో చూస్తూ కూర్చుని, ఒకసారి మేనకోడలి పెళ్ళి ముహూర్తం కూడా దాటబెట్టేసిందట. నవ్వేవాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం చీమల సంగతి తేల్చుకునే లేచింది.

ఒకనాడు సంతలో ఎండకు వాడిపోయిన మొహాలను చూస్తుంటే ఆమెకు ఒక ఆలోచన తట్టింది. ఈ చిన్నవాళ్ళకు ఊరికే పందిళ్ళు ఇస్తే? నాలుగు వెదుళ్ళు, ఒక కప్పు, నాలుగు ముడులు. ఎవరి సరుకుకు తగ్గ కొలత వాళ్ళది, ఎవరికి నచ్చిన రంగు వాళ్ళది. ఎవరి సాయమూ లేకుండా ఎవరి పందిరి వాళ్ళే వేసుకోవచ్చు. ఆలోచన బ్రహ్మాండంగా ఉంది. మరి గుడ్డ ఎవరిస్తారు? వెదురు ఎవరిస్తారు? పొద్దస్తమానం కుడితే కామసానికి అన్నం ఎవరు పెడతారు?

ఆమె తిన్నగా బెల్లం వర్తకుడు రేచిశెట్టి దగ్గరికి వెళ్ళింది.

"శెట్టిగారూ, గుడ్డా వెదురూ మీవి, కుట్టే చెయ్యి నాది. నా తిండి కూడా మీరే చూసుకోవాలి. బదులుగా ప్రతి పందిరి నుదుటా మీ పేరు రాయిస్తాను. సంతకొచ్చినవాళ్ళు తలెత్తితే చాలు, మీ పేరే కనిపిస్తుంది" అంది.

రేచిశెట్టి చెడ్డవాడేమీ కాదు. కాకపోతే ఆయనకు తన బెల్లం కన్నా తన పేరే ఎక్కువ తీపి. వెంటనే ఒప్పుకున్నాడు.

ఇంకేముంది! సంత నిండా పందిళ్ళు లేచాయి. ప్రతి పందిరి మీదా ఎర్రటి అక్షరాలతో 'తీపంటే రేచిశెట్టి బెల్లమే' అని రాసి, పక్కన ఇంత లావు బెల్లం దిమ్మ బొమ్మ వేశారు. చీపుర్లవాళ్ళు, కుండలవాళ్ళు, చాపలవాళ్ళు, జీళ్ళు అమ్మే పోతమ్మ, అందరూ పరుగున వచ్చి చేరారు. "మా తల్లే, చల్లగా ఉండు!" అని కామసానిని దీవించారు. కామసాని పొంగిపోయింది. వేరే గుడారాల పనులన్నీ వదిలేసి పందిళ్ళు కుట్టడమే పనిగా పెట్టుకుంది.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తరవాత ఒక సంతలో చీపుర్లవాళ్ళ పందిరి ఖాళీగా కనిపించింది. వచ్చే సంతకు కుండలవాళ్ళది. ఆ పైసారి పోతమ్మది. పందిళ్ళు నిలబడే ఉన్నాయి, కింద మనుషులే లేరు.

రేచిశెట్టి కబురంపాడు.

"అమ్మాయ్, మన జనాన్ని ఎవడో లాగేసుకుంటున్నాడు. మనకు పోటీగా దిగినవాడు ఎవడో నాకు తెలియాలి. వాడు రెండు మూరల గుడ్డ ఇస్తుంటే నేను నాలుగు మూరలిస్తాను. వాడి పేరు పున్నమి సంతలోగా చెప్పావా, సరే. చెప్పలేకపోయావా, పందిళ్ళన్నీ విప్పించి ఆ గుడ్డతో నా బళ్ళకు కప్పులు కుట్టించుకుంటాను."

పందిళ్ళు పోతే కామసాని పని పోతుంది, మిగిలిన ఆ కాస్త మందీ మళ్ళీ ఎండలో పడతారు. భయమైతే వేసింది. కానీ ఆ భయం వెనకాలే ఆమె పాత జబ్బు కూడా లేచి కూర్చుంది. 'ఇంతకీ ఎవరై ఉంటారు?'

ముందుగా ఆమె భైరవయ్య దగ్గరికి వెళ్ళింది. చెక్కుడు స్తంభాల అంగళ్ళు కట్టేది ఆయనే. దాపరికం లేకుండా సంగతంతా చెప్పి, "మావాళ్ళు మీ దగ్గరికేమైనా వచ్చారా బాబూ?" అని అడిగింది.

భైరవయ్య ఉలి కింద పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. "చీపుర్లు అమ్ముకునేవాళ్ళకు టేకు స్తంభాలా తల్లీ? నేను కట్టే అంగడి ఖరీదుకు వాళ్ళ చీపుర్లన్నీ ఇచ్చినా ఒక్క గుమ్మం రాదు. నా దగ్గరికొచ్చేవాళ్ళు వేరు, నీ దగ్గరికొచ్చేవాళ్ళు వేరు. మనిద్దరికీ పోటీ ఏమిటి?" అన్నాడు.

కామసానికి ఆ మాట నిజమే అనిపించింది.

తరవాత ఏటి రేవుకు వెళ్ళింది. అక్కడ వీరదాసు అనే పడవలాయన పాత తెరచాప ముక్కలు అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇస్తుంటాడు. ఎవరికి వాళ్ళే కోసుకోవాలి, కుట్టుకోవాలి.

"వచ్చారమ్మా, ఎందుకు రాలేదు! తీసుకెళ్ళారు కూడా" అన్నాడు వీరదాసు. "అయితే అది పడవ గుడ్డ. సూది దిగాలంటే సుత్తి కావాలి. రెండ్రోజులు తంటాలు పడి, వేళ్ళు పొడుచుకుని, నన్ను తిట్టుకుంటూ తెచ్చి ఇక్కడే పారేశారు. అదిగో చూడు!"

చూస్తే నిజంగానే తెరచాప ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. ఆ గుట్ట మీద ఒక పిల్లి హాయిగా నిద్రపోతోంది. పోటీదారు ఇక్కడా లేడు.

మరైతే వాళ్ళంతా ఎక్కడికి పోయినట్టు? ఈ ప్రశ్న ముందే అడగాల్సింది కదా అని కామసాని తనను తానే తిట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆమె పందిళ్ళు కట్టేవాళ్ళనే వెతికింది గానీ, పందిరి వదిలినవాళ్ళను వెతకలేదు. వెంటనే సంతకు నడిచింది.

పోతమ్మ కనిపించింది. ఎక్కడో కాదు, ఖాళీ పందిరికి పది అడుగుల దూరంలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నెత్తిన తడిగుడ్డ వేసుకుని కూర్చుని ఉంది.

"పోతమ్మా, ఎవరి పందిట్లోకి మారావే?" అంది కామసాని ఆశ్చర్యంగా.

"ఎవరి పందిట్లోకీ లేదక్కా. ఎండలోకి మారాను."

"పిచ్చి పట్టిందా నీకు? నీడ ఊరికే ఇస్తుంటే ఎండెందుకు?"

పోతమ్మ తట్ట ముందుకు జరిపి, "చెబితే నీకు కోపమొస్తుంది. ఇదిగో, ఈ తట్ట తీసుకుని ఈ ఒక్క పూట నా బదులు నీ పందిట్లో నువ్వే కూర్చో. నేను ఇక్కణ్ణించి చూస్తూ ఉంటా" అంది.

ఏదైనా తెలుస్తుందంటే కామసాని కాదంటుందా? కూర్చుంది.

మొదట ఒక తల్లీ పిల్లాడూ వచ్చారు. పిల్లాడు జీళ్ళ మీద పడబోయాడు. తల్లి తలెత్తి పందిరి మీద రాసింది చదివింది. "ఆగరా, రేచిశెట్టి బెల్లం తెచ్చుకుంటే ఇంట్లోనే బోలెడు జీళ్ళు చేసుకోవచ్చు, పద" అని చెయ్యి పట్టుకుని ఆ బెల్లం కొట్టుకే లాక్కుపోయింది.

తరవాత ఒక ముసలాయన వచ్చాడు. బేరమాడటానికి నోరు తెరిచి, బెల్లం దిమ్మ బొమ్మ చూసి మూసేశాడు. "నిన్నడిగి ఏం లాభంలే! శెట్టిగారి జీతగత్తెవు. కొసరు వెయ్యడానికి నీ చేతిలో ఏముంది?" అని వెళ్ళిపోయాడు.

ఆఖరికి పొరుగూరి పడుచు ఒకతె వచ్చింది. ఒక జీడి కొనుక్కుని కొరికింది. కొరికి కళ్ళు మూసుకుంది. "అబ్బబ్బ, ఏం చేశారండీ! మా ఊళ్ళో అందరికీ చెబుతాను, రేచిశెట్టిగారి జీళ్ళంటే జీళ్ళే!" అంది.

"అయ్యో, ఇవి పోతమ్మ జీళ్ళమ్మా!" అని కామసాని కేకేసింది. కానీ ఆ పడుచు అప్పటికే జనంలో కలిసిపోయింది.

కామసాని పోతమ్మ వైపు చూసింది. తెల్లారకముందే లేచి నువ్వులు వేయించి, పాకం చేతులు కాలేలా సాగదీసి చేసిన మనిషి అక్కడ ఎండలో కూర్చుని ఉంది. ఆ పడుచు మాట ఆమెకూ వినబడింది. ఆమె కొత్తగా ఏమీ బాధపడలేదు. ఎన్నిసార్లు విన్నదో ఏమో! కామసానికి సిగ్గుతో తల వాలిపోయింది.

ఎందుకిలా అయిందో ఇప్పుడు అర్థమైంది. తరతరాలుగా ఆ సంతలో అంగడి నుదుట రాసేది యజమాని పేరే. పైన పేరెవరిదో కింద సరుకు వాళ్ళదే అని ఊరి కళ్ళకు అలవాటైపోయింది. కామసాని కళ్ళకూ అదే అలవాటు. అయినా పందిళ్ళు కుట్టేటప్పుడు ఆ సంగతి తట్టనే లేదు.

పోటీదారు దొరికాడు. కానీ ఆ పేరు చెప్పడమెలా?

పున్నమి సంతకు ముందునాడు ఆమె రేచిశెట్టి ఇంటికి వెళ్ళింది. ఆమెను చూడగానే శెట్టి, "ఎవడే వాడు? ఆ భైరవయ్యేనా? నాకు మొదట్నుంచీ వాడి మీదే అనుమానం!" అన్నాడు.

తలూపితే చాలు. పందిళ్ళు మిగులుతాయి, తిండి మిగులుతుంది, శెట్టి సంతోషిస్తాడు. కామసానికి తలూపాలనే అనిపించింది. కానీ ఎండలో తడిగుడ్డ కింద పోతమ్మ మొహం గుర్తొచ్చి మెడ కదల్లేదు.

"భైరవయ్య కాదండీ. మీరే" అంది.

"ఏమిటీ?"

"మన పందిళ్ళకు పోటీ మీ పేరేనండీ. దాని కింద కూర్చున్నవాళ్ళ పేరు అది మింగేస్తోంది."

రేచిశెట్టి మొహం కందగడ్డ అయింది. "నా గుడ్డ! నా వెదురు! నాకు నేనే పోటీనా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"ఒక్క పూట మీ బెల్లం కొట్టు నుదుట ఉప్పు నాగిశెట్టిగారి గుడ్డ కట్టనివ్వండి. అప్పటికీ మీకేమీ అనిపించకపోతే పందిళ్ళన్నీ నా చేతులతో నేనే విప్పేస్తాను."

రేచిశెట్టి పకపకా నవ్వాడు. "ఓస్, ఇంతేనా! నా బెల్లం రుచి ఊరికి తెలీదా? ఏ గుడ్డ కడితేనేం? కట్టు!" అన్నాడు. నాగిశెట్టి కూడా ఎగిరి గంతేసి గుడ్డ ఇచ్చాడు.

పున్నమి సంత వచ్చింది. రేచిశెట్టి కొట్లో మీసం తిప్పుతూ కూర్చున్నాడు. పైన 'ఉప్పంటే నాగిశెట్టిదే' అని నీలం గుడ్డ రెపరెపలాడుతోంది.

మొదట వచ్చినావిడ బెల్లం చేత్తో పట్టుకుని వాసన చూసింది. "నాగిశెట్టి బెల్లం కూడా పెట్టాడా? ఉప్పగా ఉండదు కదా!" అని అక్కడే పెట్టేసి పోయింది.

తరవాత వచ్చినాయన మానెడు ఉప్పడిగాడు. లేదని చెబితే, "పైన ఉప్పని రాసి కింద బెల్లం పెట్టుకున్నావేమయ్యా? మీ శెట్టితో చెబుతానుండు!" అని రేచిశెట్టినే గద్దించి వెళ్ళాడు.

ఆ తరవాత ఒక పెద్దాయన వచ్చాడు. పెళ్ళివారింటి నుంచి వచ్చాడు, వెంట బండి ఉంది. చిన్న ముక్క నోట్లో వేసుకుని చప్పరించాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అమృతం! నాగిశెట్టి దగ్గర ఇంత మంచి బెల్లం ఉందని తెలీక, ఇన్నేళ్ళూ మనిషిని పంపి ఆ రేచిశెట్టి దగ్గర తెప్పించుకున్నామే!"

అంతే! రేచిశెట్టి పీట మీంచి లేచాడు, గల్లాపెట్టె మీదికెక్కాడు, తలపాగా జారిపోతున్నా చూసుకోకుండా ఆ నీలం గుడ్డను పరపరా పీకేశాడు. "ఇది నా బెల్లం! నాది! మా తాత నాటి నుంచీ నాది!" అని అరిచాడు. సంతంతా తిరిగి చూసింది.

కాసేపటికి ఆయన దిగి, ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అడిగాడు.

"ఆ జీళ్ళ పోతమ్మకు ఇలాగే ఉండేదా?"

"ప్రతి సంతకీ అండీ."

శెట్టి ఆ నీలం గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. "మరి నా పేరు ఎక్కడ పెడతావు?" అన్నాడు.

"పందిరి నుదురు అమ్ముకునేవాళ్ళకు వదిలెయ్యండి. మీ పేరు వెనక తెర మీద రాద్దాం. అటువైపు బళ్ళు ఆగే చోట చలివేంద్రం ఉంది. దాహం తీర్చుకుని కూర్చున్నవాళ్ళు తీరిగ్గా చదువుతారు. తీపి అమ్మేవాళ్ళ పందిరి మీద మాత్రం అదీ వద్దు."

అలాగే చేశారు. పందిళ్ళ నుదుళ్ళు కడిగి కొత్తగా రాశారు. కబురు తెలిసి ఒక్కొక్కరే తిరిగొచ్చారు. చలివేంద్రం దగ్గర రేచిశెట్టి పేరు చదివినవాళ్ళు ఆయన బెల్లం కొన్నారు. అమ్మకం పెరిగింది గానీ తగ్గలేదు.

పోతమ్మ వచ్చి తన పందిరి ముందు నిలబడింది. ఆమెకు చదువు రాదు. "ఇందులో నా పేరు ఎంతవరకక్కా?" అని అడిగింది. కామసాని చూపిస్తే, ఆ అక్షరాలను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలితో తడిమింది. అంతలో వీధి మొగలోంచి ఒక పిల్ల, "అమ్మా, పోతమ్మ జీళ్ళే!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. పోతమ్మ కళ్ళు తుడుచుకుని, నీడలోకి వెళ్ళి కూర్చుని, తట్ట మీద గుడ్డ తీసింది.

పిల్లలూ, పోటీదారుణ్ణి నాలుగు దిక్కులా వెతికే ముందు ఎవరైనా తమ నెత్తిమీద ఏముందో ఒకసారి చూసుకోవాలి. నీడ ఇచ్చి పేరు లాక్కునేవారి పందిరి కన్నా, పేరు నిలిచే ఎండే నయం.