హనుమక్క బండికి కొత్త పలకలు

వడ్రంగం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఏదైనా ప్రశ్న అడిగితే మౌనేశ్వరాచారి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ప్రశ్న విని, తల ఊపి, అడిగినవాడి చేతిలో ఒక పని పెట్టేవారు. కదిరి దాటాక రోడ్డు వారగా ఉన్న ఆయన కొట్టంలో అలా జవాబు కోసం ఎదురుచూస్తూ ఏళ్ళ తరబడి చిత్రిక పట్టినవాళ్ళు ఉన్నారు.

తిప్పేస్వామికి అంత ఓపిక లేదు. ముప్పై రెండేళ్ళవాడు. ఎనిమిదేళ్ళు పట్నంలో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసి, చెక్క పని లోతు తెలుసుకోవాలని ఆచారి దగ్గరికి వచ్చాడు. చేతిపని బాగానే వచ్చు, నోటిపని ఇంకా బాగా వచ్చు. బండిలో ప్రతి ముక్కకూ పేరు చెప్పగలడు. ఎదుటివాడు ఇంకో పేరు అంటే మాత్రం ఊరుకోలేడు. ఒకరోజు గురువును అడిగేశాడు: "సామీ, వస్తువుకు సరైన పేరు తెలీకుండా ఆ వస్తువు తెలిసినట్టు ఎట్లయితాది?"

ఆచారి తల ఊపారు. సోమవారం హనుమక్క బండి కొట్టానికి వస్తే ఆ పని అతనికే అప్పగించారు.

హనుమక్కది తోలుబొమ్మలాట కుటుంబం. ఆ బండి ఆమె మామగారి కాలం నాటిది. ముందు గుండ్రటి ముక్కు, వెనక చెక్క పలకలు పరిచిన పొడవాటి చోటు. పక్క తలుపులు దించి తెర కడితే అదే వాళ్ళ రంగస్థలం. ఆరేళ్ళుగా ఆటలు లేక బండి టార్పాలిన్ కింద మగ్గింది, పలకలను చెదలు తినేశాయి. ఇన్నాళ్ళకు తిరునాళ్ళ కమిటీ ఒక్క ఆటకు ఒప్పుకుంది. అయితే గురువారం సాయంత్రం కమిటీ పెద్ద లింగప్ప వచ్చి చూసేసరికి ఆట కట్టే వీలు కనబడాలి, లేకుంటే ఆ చోటు రికార్డింగ్ డ్యాన్సు వాళ్ళకు పోతుంది. ఇది కూడా పోతే మళ్ళీ బొమ్మల పెట్టె తెరిచే ధైర్యం తనకు లేదని హనుమక్క ఆచారితో చెప్పుకుంది. పక్కనే ఉన్న తిప్పేస్వామి అది విన్నాడు. బండిని కొత్త పెళ్ళికొడుకులా నిలబెట్టి చూపించాలని గట్టిగా అనుకున్నాడు.

పని మొదలైన రోజే వాదమూ మొదలైంది. ఇంజను చూడటానికి వచ్చిన మెకానిక్కు దస్తగిరి దాన్ని వ్యాను అన్నాడు. తిప్పేస్వామి రంపం పక్కన పెట్టేశాడు. వ్యానంటే వెనక మూసి ఉండాలని, ఇది పికప్పు ట్రక్కని చెప్పాడు. ట్రక్కంటే ట్రాక్టరు వెనక తగిలించేదని, కావాలంటే ఏ రైతునైనా అడగమని దస్తగిరి అన్నాడు. ఎదురుగా టీ కొట్టు నడిపే నారాయణమ్మ గ్లాసులు పట్టుకొచ్చి, ముక్కున్న బండి ఏదైనా లారీయేనని తేల్చేసింది. వెనక చెక్క భాగం దగ్గరికి వచ్చేసరికి గొడవ ముదిరింది. ఒకరు తొట్టి అన్నారు, ఒకరు బాడీ అన్నారు, తిప్పేస్వామి బెడ్డు అన్నాడు. పడుకునేవాడెవడూ లేనప్పుడు బెడ్డెందుకయిందని దస్తగిరి నిలదీశాడు. టీలు చల్లారిపోతే మళ్ళీ తెప్పించుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజుల్లో నవ్వినంతగా ఆ కొట్టంలో ఎవరూ ఎన్నడూ నవ్వి ఉండరు. మధ్యలో హనుమక్కను అడిగితే తమకు అది బండేనని చెప్పి ఆకు నమలసాగింది. పాపం, చదువు లేని మనిషి అని తిప్పేస్వామి జాలిపడ్డాడు.

మాటలు ఎంత సాగినా పని మాత్రం ఆగలేదు. మద్ది పలకలు ఏరి, చిత్రిక పట్టి, ఒకదాని అంచు ఇంకోదానిలో కూర్చునేలా గాడి తీశాడు. బెడ్డు చప్పుడు చేయకూడదు, అది పట్నం షెడ్డులో మొదటిరోజు నేర్పిన పాఠం. అందుకని పలకల కింద రబ్బరు పట్టీలు వేసి, బోల్టులు ఊపిరాడకుండా బిగించాడు. గురువారం మధ్యాహ్నానికి నూనె పెట్టి తుడిచాడు. దస్తగిరి కూడా వాదం మరిచిపోయి వేళ్ళతో నిమిరి చూశాడు. ఆచారి బండి చుట్టూ ఒకసారి తిరిగి, కీళ్ళు బాగా కుదిరాయని చెప్పి, బీడీ ముట్టించుకున్నారు.

హనుమక్క చెప్పులు విడిచి పైకెక్కింది. కుడికాలు ఎత్తి గట్టిగా వేసింది. మళ్ళీ వేసింది. వడ్ల బస్తా మీద తన్నినట్టు మెత్తటి చప్పుడు వచ్చింది, అంతే.

తోలుబొమ్మలాటలో తెర వెనక ఆడించేవాళ్ళ కాళ్ళే సగం ఆట. బొమ్మ నడిస్తే వాళ్ళ కాళ్ళ కింద పలక మోగాలి. ఆ సీమలో పుట్టి పెరిగిన తిప్పేస్వామికి ఇది తెలియనిది కాదు. బెడ్డు ధ్యాసలో పడి ఆట సంగతే మర్చిపోయాడు.

హనుమక్క కోప్పడలేదు. "బాగా చేసినావు నాయనా, ఇంటి మాదిరి గట్టిగా ఉండాది. కానీ మా రాక్షసుడు దీని మింద నడిస్తే పిల్లి నడిచినట్టుంటాది" అంది. తిప్పేస్వామికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందే ఒక్క మాట చెబితే ఏం పోయేదని గురువు మీద కోపం కూడా వచ్చింది. ఎవరికైనా వస్తుంది. లింగప్ప రావడానికి రెండు గంటలే ఉన్నాయి.

ఆచారి బీడీ ఆర్పి, "చెప్పులిడిసి నువ్వు గూడా ఎక్కు. ఆమె కాలు ఎట్ల పడితే అట్ల నీ కాలు ఎయ్యి" అన్నారు.

ఎక్కాడు. పదిసార్లు వేసేసరికి ఏ పలక గొంతు ఎక్కడ నొక్కేశాడో అరికాలికి తెలిసింది. దూకి బండి కిందికి దూరాడు. నడిమి ఐదు పలకల బోల్టులు విప్పాడు, రబ్బరు లాగేశాడు, ముద్దుగా తీసిన గాడి అంచులను తనే చెక్కేశాడు. ప్రతి పలకకూ ఆచారి ఒక కొస, దస్తగిరి ఒక కొస పట్టుకున్నారు. పైనుంచి హనుమక్క కాలు వేస్తూ "ఇంకా, ఇంకా" అంటోంది, కిందనుంచి అతను మళ్ళీ పెట్టిన బోల్టులను వదులు చేస్తున్నాడు. ఒక పలక ఢమ్మంది. అది రాక్షసుడికి అంది హనుమక్క. పక్కది టకటకమంది, అది గుర్రానికి. తిప్పేస్వామి సుద్దముక్కతో పలకల మీద ఆ పేర్లే రాసుకున్నాడు. మంచి పనిని చేతులారా పాడుచేసుకుంటున్నానన్న బాధ మొదటి పలకతోనే పోయింది. మూడో పలక పలికేసరికి సంతోషం పట్టలేక బండి కింద పడుకునే ఈల వేశాడు.

లింగప్ప స్కూటరు దిగేసరికి తెర కట్టి ఉంది. హనుమక్క మరిది రాక్షసుణ్ణి ఎత్తాడు, ఆమె కాలు అందుకుంది, ఆమె పక్కన నిలబడి తిప్పేస్వామీ కాలు కలిపాడు. నారాయణమ్మ కొట్టు దగ్గరున్న జనం చేతుల్లో గ్లాసులతోనే వచ్చేశారు. రాక్షసుడు నాలుగడుగులు వేసేసరికి ముందువరసలో వాళ్ళు వెనక్కి జరిగారు. లింగప్ప మొహం విప్పారింది. ఒక ఆట చాలదని, రెండు ఆడమని అక్కడికక్కడే చెప్పేశాడు. ఆ తర్వాత జేబులోంచి పుస్తకం తీసి, చోటు చూపించాలంటే బండి రకం రాసుకోవాలని, దీన్ని లారీ అనాలో వ్యాను అనాలో ట్రక్కు అనాలో చెప్పమని అడిగాడు.

దస్తగిరి నోరు తెరవబోయి, మర్యాదకు ఆగి, తెర వైపు చూశాడు. తెర వెనక తిప్పేస్వామికి ఆ ప్రశ్న చక్కగా వినబడింది. జవాబు నాలుక మీదే ఉంది. అంతలో గుర్రం వచ్చింది. హనుమక్క కాలు పక్క పలక మీదికి మారింది, అతని కాలూ దాని వెంటే పోయింది.

లింగప్ప తెర వైపు తిరిగి ఇంకోసారి గట్టిగా అడగబోయాడు. ఆచారి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఇప్పుడు పిలవొద్దు లింగప్పా. వాడు చదువుకుంటాండాడు."