దించకుండా వదిలిన పాట

విశాఖపట్నంలో తరళ అనే పాప్ గాయని ఉండేది. ఆమె గొంతు తేనె, బుద్ధి మాత్రం చేతికందిందల్లా నాదేననే బుద్ధి.

పేరు రాకముందు ఆమె ఆర్కెస్ట్రాతో పెళ్లిళ్లలో పాడుతూ తిరిగేది. ఒకసారి పలాస దగ్గర వాళ్ల వ్యాను టైరు పేలింది. ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు పక్కన జీడిపిక్కల షెడ్డు కనబడితే, తరళ నీడకని లోపలికి వెళ్లింది. అక్కడ ముప్పై మంది ఆడవాళ్లు పిక్కలు కొడుతూ, పప్పు ఒలుస్తూ పాడుకుంటున్నారు. ఒక పెద్దావిడ చరణం ఎత్తుతోంది. మిగతావాళ్లు అందుకుంటున్నారు.

"పోకే పొద్దా, పోకే పొద్దా, బుట్ట ఇంకా నిండలేదు!"

తరళ ఒళ్లు పులకరించింది. "నాకూ నేర్పవా మామ్మా?" అని అడిగింది. పెద్దావిడ మురిసిపోయింది. చెంబుతో నీళ్లిచ్చింది, గుప్పెడు పప్పు పెట్టింది, పక్కన కూర్చోబెట్టుకుని మూడు చరణాలు నేర్పింది. జీడి రసం అంటి అంటి ఆమె వేళ్లు బొగ్గుల్లా ఉన్నాయి. ఆ వేళ్లతోనే తరళ మోకాలి మీద తాళం వేసింది. తరళ పాట అడిగింది, నీళ్లడిగింది, పప్పు ఇంకొంచెం అడిగింది. పేరు మాత్రం అడగలేదు.

ఇంతలో వ్యాను హారన్ మోగింది. తరళ దిగ్గున లేచింది.

"ఓలమ్మా, ఉండుండు! ఆకరి ముక్క పాడి పాట దించకుండా లెగిసిపోతావేటి? ఎత్తినమ్మే దించాల. దించని పాట మెడెక్కి కూసుంటాది," అంది పెద్దావిడ.

"మళ్లీ వచ్చినప్పుడు దించుకుందాంలే మామ్మా!" అంటూ తరళ పరుగెత్తింది.

మళ్లీ వెళ్లలేదు. ఎందుకు వెళ్తుంది? ఆ పాటకి గిటారు తగిలించింది, డ్రమ్ములు మోగించింది. ఏడాది తిరక్కుండా ఆటోల్లో అదే, పెళ్లి ఊరేగింపుల్లో అదే, పసిపిల్లల నోట్లో అదే. టీవీలో అడిగారు, "ఇంత మంచి పాట ఎవరు రాశారండీ?" అని.

"నేనే రాశాను. ఒక వానరోజు కిటికీ పక్కన కూర్చుంటే వచ్చేసింది," అంది తరళ. మండుటెండలో నేర్చుకున్న పాటకి వాన కురిపించింది మహాతల్లి!

అబద్ధం ఆడటం తేలికే, దాన్ని సాకడమే కష్టం. ఆ రోజు నుంచి తరళకి భయం పట్టుకుంది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే చెమటలు పట్టేవి. జనంలో ముందుగా ముఖాలు చూసేది కాదు, వేళ్లు చూసేది. ఒకసారి విమానాశ్రయంలో ఒక ముసలావిడ ఫొటో కోసం భుజం మీద చెయ్యి వేస్తే కెవ్వున అరిచింది. ఆ వేళ్లకున్నది గోరింటాకు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే మరి.

ఇలా ఉండగా ఒకనాడు ఆమె మేనేజర్ ఫణి చక్కా నవ్వుకుంటూ వచ్చాడు.

"మేడమ్, పలాసలో ప్రోగ్రాం ఒప్పేసుకున్నా. ఊరంతా పోస్టర్లు కూడా పడిపోయాయి."

తరళ చేతిలో కాఫీ ఒలికింది. "పలాసా? నాకు గొంతు బాగాలేదు ఫణీ. వద్దు."

"పొద్దున్నేగా రెండు గంటలు సాధన చేశారు! మీరు రాకపోతే రాళ్లు నా మీద పడతాయి మేడమ్. అక్కడ జీడి షెడ్ల ఆడవాళ్లందరికీ ఆ పూట సెలవంట. మీ కోసమే!"

తరళకి ఆ నల్లటి వేళ్లే గుర్తొచ్చాయి. నాలుగు వేలమంది ముందు ఆ పెద్దావిడ లేచి, "దొంగ!" అంటే? మరునాటికి తన పేరు ఏమవుతుంది? ఆ వారమంతా ఆమెకి కూడు లేదు, కునుకు లేదు.

ప్రోగ్రాం సాయంత్రం మొదలైంది. ఇంకా ఎండ ఉంది. మైదానం నిండా ఆడవాళ్లే. ముందు వరుసలో కొత్త చీర కట్టుకుని, ఒళ్లో పూలదండ పెట్టుకుని ఆ పెద్దావిడ కూర్చుని ఉంది. నల్లటి వేళ్లు దండ మీద ఉన్నాయి. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు చూసి తరళ చూపు తిప్పేసుకుంది.

ఆ పాట తప్పించి తక్కినవన్నీ పాడింది. జనం ఊరుకోలేదు. "పొద్దు పాట! పొద్దు పాట!" అని అరిచారు. ఫణి పక్కనుంచి చేతులు జోడించాడు. తరళ కళ్లు మూసుకుని ఎత్తుకుంది. ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. మూడు చరణాలూ అయిపోయాయి. గిటారు ఆగింది, డ్రమ్ములు ఆగాయి. తరళ వంగి దండం పెట్టింది.

ఆడవాళ్లు మాత్రం ఆగలేదు.

"పోకే పొద్దా, పోకే పొద్దా, బుట్ట ఇంకా నిండలేదు!"

"చాలా థాంక్స్ అమ్మా, ఇక ఉంటాను," అంది తరళ.

"బుట్ట ఇంకా నిండలేదు!"

వేల చేతులు తొడల మీద తాళం వేస్తున్నాయి. వేదిక చెక్కలు అదురుతున్నాయి. నవ్వుతూనే పాడుతున్నారు, కళ్లు మాత్రం తరళ మీదనుంచి తిప్పడం లేదు. దించని పాట మెడెక్కి కూర్చోవడమంటే ఏమిటో తరళకి అప్పుడు తెలిసింది.

ముందు వరుసలో ఒకామె చెయ్యూపింది. "దించవేటమ్మా! ఎంతసేపని పాడమంటావు?"

"ఎలా... ఎలా దించాలి?"

"నీకు తెల్దా ఏటి? నేర్పినోల పేరెట్టి దించాల. 'పోయి రావే పొద్దా, ఫలానమ్మ బుట్ట నిండినాది' అను, సాలు. అందరం ఆపీస్తాం."

ఒక్క పేరు! అంతే కావలసింది. ఆమెని తిట్టడానికి ఎవరూ రాలేదు. తమ పాట టీవీకెక్కిందని మురిసిపోయి, తమ మనిషి పేరు మైకులో వినాలని వచ్చారు. దండ కూడా గాయనికోసం తెచ్చిందే. పెద్దావిడ దండ పట్టుకుని వేదిక అంచు దాకా వచ్చి, చెవి కాస్త ముందుకు వంచి నిలబడింది.

తరళకి పేరు తెలియదు. "మామ్మా, నీ పేరేమిటి?" అని అడగడానికి ఒక్క క్షణం చాలు. కానీ అడిగితే కిటికీ పక్కన వాన అబద్ధమని తేలిపోదూ? పైనుంచి కెమెరాలు చూస్తున్నాయి. భయం ఆమె గొంతు పట్టుకుని పాడించింది.

"పోయి రావే పొద్దా... తరళ బుట్ట నిండినాది!"

తాళం ఆగిపోయింది. వేలమంది ఒక్కసారిగా నోరు మూసేశారు. ఎవరూ తిట్టలేదు, రాయి విసరలేదు. పెద్దావిడ దండని కొంగులో చుట్టుకుంది.

"నిండిందా తల్లీ? మంచిదే," అంది. "మరి మేమెందుకు పాడడం? నీ పాట నువ్వే పాడుకో."

వెనక్కి తిరిగి నడిచింది. ఆమె వెనక వరుసకి వరుస లేచి వెళ్లిపోయింది. పొద్దు వాలేసరికి మైదానంలో మిగిలినవి కుర్చీలే.

ఆ వీడియో ఊరూరా పాకింది. తరువాత తరళ ఎక్కడ వేదిక ఎక్కినా జనం వచ్చేవారు, చూసేవారు. ఆమె చరణం ఎత్తి మైకు వాళ్ల వైపు చాపితే ఒక్క గొంతూ లేచేది కాదు. తిట్టనైనా తిట్టరేమిట్రా భగవంతుడా అనుకునేది. కొన్నాళ్లకి ఆ జనమూ రావడం మానేశారు.

చివరికి ఒక మధ్యాహ్నం ఆమె ఆ షెడ్డుకి వెళ్లింది. గుమ్మంలోనే ఆగి, "మామ్మా, నీ పేరేమిటి?" అని అడిగింది.

పెద్దావిడ తలెత్తకుండా పిక్క కొట్టింది. "దాలమ్మ," అంది. "ఆ రోజు అడిగుంటే నీ పేరు కూడా బతికీది గదే, గుంటా. రా, కూసో. బుట్ట ఇంకా నిండలేదు."

పిల్లలూ, విద్య నేర్పినవారి పేరు చెబితే మన పేరు తరగదు. వాళ్ల పేరు దాచిపెడితే, ఆ భయమే చివరికి మన పేరునూ మింగేస్తుంది.