రాజుగారి వరహా, ఓబులమ్మ గారెలు

కనకగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే ప్రచండవర్మ మహారాజుగారి డాబు సంగతి చెప్పాలంటే ఒక నోరు చాలదు. ఆయన తుమ్మితే బాకా ఊదాలి, ఆవులిస్తే చామరం వీచాలి.

ఆయన ఒక్కగానొక్క కూతురు హేమవల్లికి పదకొండో ఏడొచ్చింది. కోటలో చదువు ముగించి ఊళ్ళో పెద్దబడికి వెళ్ళాల్సిన వేళ. "పిల్లకి చేతిఖర్చుకి ఏమిద్దాం? రోజుకో రాగి కాసు చాలదూ?" అన్నారు రాణిగారు నిండు కొలువులో.

రాజుగారి మీసం నిక్కబొడుచుకుంది. "రాగి కాసా! మా వంశంలో ఎవరి చేతికీ రాగి సోకరాదు. రోజుకో బంగారు వరహా ఇవ్వండి. ఇది మా శాసనం!"

సభంతా చప్పట్లు కొట్టింది. ఆస్థాన విదూషకుడు కొండుభట్టు కూడా కొట్టాడు, కాకపోతే కాస్త మెల్లిగా.

వారం తిరిగేసరికి హేమవల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుని అతని దగ్గరికొచ్చింది. "భట్టు తాతా, నేనింక బడికి వెళ్ళను."

"అదేం తల్లీ, పంతులుగారు బెత్తం ఝళిపించారా?"

"కాదు. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా తువ్వాలు పరిచి తలా ఒక కాసు వేస్తారు. ఆ డబ్బుతో ఓబులమ్మ దగ్గర గారెలు కొనుక్కుని కలిసి తింటారు. నేను వరహా వేస్తే అందరూ భయపడి లేచి వెళ్ళిపోయారు. ఏమీ వేయకుండా తినడానికి నాకు సిగ్గు. అప్పట్నుంచీ గోడవారగా ఒక్కదాన్నే కూర్చుంటున్నా. నాన్నగారితో చెబితే చిల్లర బుద్ధులు నేర్చుకోకు అని కసిరారు."

కొండుభట్టు మనసు చివుక్కుమంది. అయితే శాసనం తప్పని నోరు జారితే మర్నాటి నుంచి ఏనుగులసాలలో లద్దెలెత్తాల్సిందే. గడ్డం గోక్కుని, "రేపొక్కరోజు వెళ్ళు తల్లీ. తరవాతి సంగతి నేను చూస్తాగా" అన్నాడు.

ఆ సాయంత్రమే రాజుగారి చెవిలో వేశాడు. "మహాప్రభూ, వరహా మీద తమ ముఖబింబం చూసి జనం ఎలా మురిసిపోతారో మారువేషంలో వెళ్ళి చూద్దామా?"

పొగడ్తంటే రాజుగారు చెవి కోసుకుంటారు. తెల్లారేసరికి ముతక పంచె కట్టి, తలపాగా చుట్టి, మొలలో ఒక వరహా దోపుకుని సిద్ధం. ఫలహారం పళ్ళెం వస్తే మాత్రం కొండుభట్టు అడ్డుపడ్డాడు. "వద్దు ప్రభూ! మూతి నేతి వాసన కొడితే వేషం బయటపడిపోతుంది."

మిట్టమధ్యాహ్నం దాకా వీధులన్నీ తిప్పి తిప్పి, చివరికి పెద్దబడి ఎదుట ఆపాడు. ఓబులమ్మ బాణలిలో గారెలు ఎర్రగా వేగుతున్నాయి. రాజుగారి కడుపులో ఎలుకలు కాదు, ఏనుగులే పరుగెడుతున్నాయి.

"ఇదిగో, పది గారెలియ్యి" అని వరహా విసిరారు.

ఓబులమ్మ ఉలిక్కిపడింది. "ఎక్కడ కొట్టుకొచ్చావయ్యా? దీనికి చిల్లర తేవాలంటే నా బాణలి, నా ఇల్లు, మా ఆయన్నీ కలిపి అమ్మాలి. మా ఆయనకి పెద్ద ధర కూడా పలకదు."

"ఓసీ! దాని మీదున్నది మా ముఖమే!"

ఆమె వరహాని చూసింది, మనిషిని చూసింది. "చాల్లే సంబడం! మహారాజుకి బుగ్గలు చక్కగా అణిగి ఉన్నాయి. నీవేమో బూరెలు. తలారిని పిలవకముందే అవతలికి పో!"

రాజుగారు పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "భట్టూ, నీ దగ్గర కాసులేమైనా ఉన్నాయా?"

"మొలనిండా ఉన్నాయి ప్రభూ. అన్నీ రాగివే. తమ చేతికి సోకితే వంశం ఏం కాను? అపచారం, అపచారం!" అని కొండుభట్టు లెంపలేసుకున్నాడు. తాను మాత్రం ఒక కాసిచ్చి గారెలు కొనుక్కుని, కరకరా నమలసాగాడు.

"మాకొకటి పెట్టవయ్యా!"

"రాగితో కొన్న గారె ప్రభూ. తమకెలా పెట్టను?"

అంతలో గంట కొట్టారు. పిల్లలు బిలబిలా వచ్చి తువ్వాలు పరిచారు, కాసులు గలగలమన్నాయి. హేమవల్లి మాత్రం గోడవారగా, వరహా పిడికిట్లో బిగించుకుని గారెలకేసి చూస్తూ కూర్చుంది. అచ్చం తండ్రిలాగే చేతిలో బంగారం, కడుపులో ఆకలి. రాజుగారి ప్రాణం ఉసూరుమంది.

"భట్టూ, నా బిడ్డ రోజూ ఇలాగే కూర్చుంటోందా?" ఆయన నోట 'మా' బదులు 'నా' రావడం అదే మొదటిసారి.

"శాసనం కదా ప్రభూ."

"తగలెయ్యి శాసనాన్ని! ఇటు తే ఆ కాసులు!"

గుప్పెడు రాగి పుచ్చుకుని వెళ్ళి కూతురి ఒళ్ళో పోశారు. తలపాగా కింద ముఖాన్ని ఆ పిల్ల ఇట్టే పోల్చుకుంది. పరుగున వెళ్ళి తువ్వాల్లో ఒక కాసు వేసింది. "ఇది మా నాన్నకి" అని ఇంకోటి వేసింది. కనకగిరి మహారాజు పిల్లల నడుమ బాసింపట్టు వేసుకుని, మీసాలకి నూనె అంటుతున్నా లెక్కచేయక గారె కొరుకుతూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

మర్నాడు కొలువులో కొత్త ఆజ్ఞ వెలువడింది. రాకుమారికి రోజుకో రాగి కాసు, పండగనాడు రెండు. కొండుభట్టుకి బహుమానం నూరు వరహాలు.

కొండుభట్టు చెయ్యి చాపలేదు. "మహాప్రభూ, ఇంటికెళ్తూ దారిలో గారెలు తినాలనుంది. చిల్లరగా ఇప్పించండి."

సభ గొల్లుమంది, అందరికంటే గట్టిగా రాజుగారే నవ్వారు. ఆ సాయంత్రం కొండుభట్టు గారె నములుతూ నడిచి ఇల్లు చేరాడు. అతని బహుమానం మాత్రం రెండెడ్ల బండెక్కి వెనకాల వచ్చింది.