సత్యవేణి లినక్స్ ఎక్కించిన కథ

అనగనగనగా ఉప్పాడ పక్కన, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఒక నేతగాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో కోటిలింగం అని ఒక పెద్దాయన. జాందానీ చీరలకి బుటాలు గీయడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరర్రా! నెమళ్ళూ, మామిడిపిందెలూ, హంసలూ, ఎన్ని గీశాడో! అన్నీ ఇంట్లో కంప్యూటర్లోనే దాచుకున్నాడు. తరవాత పాపం చూపు మందగించింది. కొత్తవి గీయలేడు. ఇంక ఆ ఉన్నవే ఆయనకి ప్రాణం. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

ఆ కంప్యూటరేమో ముసలిదైపోయింది. మీట నొక్కితే గుర్రుమనేది, గుర్రుమని ఆగేది, ఆగి మళ్ళీ గుర్రుమనేది. అన్నం వండి, వార్చి, తినొచ్చినా తెర వెలిగేది కాదు. బాగుచేసే అతనొచ్చి చూసి, ఇది పారేసి కొత్తది కొనుక్కోమన్నాడు. ఆ పూట పెద్దాయన అన్నం ముట్టలేదు.

ఆయన కోడలు సత్యవేణి. చదివింది పదో తరగతే, కానీ బుర్ర పాదరసం. వాళ్ళనడిగీ వీళ్ళనడిగీ తెలుసుకుంది. పాత కంప్యూటర్లని కూడా నడిపించే లినక్స్ అనేదొకటి ఉందట, ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చట! అందులోనూ బోలెడు రకాలు. కొత్తవాళ్ళకి సులువైనది, పాతదానికి బరువు కానిది చూసుకుని, పక్కింటి పిల్ల లాప్‌టాప్‌లోంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. వెంటనే కంప్యూటర్లో పెట్టేసిందనుకున్నారా? లేదు. ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూసింది. తెర వెలిగింది! మౌసు కదిలింది, పాట మోగింది, వైఫై తగిలింది. ఇల్లంతా నోళ్ళు తెరుచుకుని చూశారు.

బొమ్మలన్నీ విడి డిస్కులోకి కాపీ చేసింది. లినక్స్ ఎక్కించబోతే, ఇక్కడున్నదంతా తుడిచేయనా అని తెర అడిగింది. సత్యవేణి మౌసు మీద వేలు పెట్టింది. పెట్టి, తీసేసింది. ఏదో గుబులు. కాపీ అయినవి తెరిచి చూసింది. నెమళ్ళున్నాయి, పిందెలున్నాయి... హంసలు లేవు! ఆ ఫోల్డరే రాలేదు.

"మామయ్యగారూ, ఇందాక నొక్కేసుంటే హంసలన్నీ పోయేవండీ!"

"పోలేదు కదమ్మా. నిదానంగా చెయ్యి," అన్నాడాయన.

మళ్ళీ కాపీ చేసింది. ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంది. అప్పుడు నొక్కింది. లినక్స్ ఎక్కడానికి అరగంట పట్టింది, మధ్యలో ఆగిపోకూడదని ఆ అరగంటా ఎవర్నీ స్విచ్చు దగ్గరికి రానివ్వలేదు.

అరగంటకి కంప్యూటరు మీట నొక్కీ నొక్కగానే లేచింది! హంసని తెరంత పెద్దది చేసి చూపిస్తే, పెద్దాయన మొహం తెరకి ఆనించి, ముక్కు దగ్గర్నుంచి ఈక దాకా పోల్చుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

"ఈ లినక్స్‌ని చేసిందెవరమ్మా?"

"దేశదేశాల వాళ్ళండీ. వేలమంది. మనమెవరో కూడా తెలీదు వాళ్ళకి. చేసి, అందరికీ ఇచ్చేశారట."

"అంతమందా!" అని, ఎటు తిరగాలో తెలియక, ఆ పెద్దాయన నాలుగు దిక్కులకీ తిరిగి దణ్ణం పెట్టాడర్రా.

అందుకే నాన్నా, ఏదైనా తుడిచేముందు దాచుకున్నది తెరిచి చూసుకోవాలి. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పటి కప్పుకుందాం.