గుహలో నాలుగో విస్తరి

రోళ్లు పగిలే ఎండలు. కోట గోడలు పెనంలా కాలుతుంటే దుర్జయ మహారాజు చల్లని చోటు వెతుక్కుంటూ పల్లకీలో కొండెక్కాడు. అక్కడి గుహలో నడివేసవిలోనూ ఒళ్లు జిల్లుమంటోంది. అందులో నూకాలనే ముసలమ్మ కట్టెలమ్ముకుంటూ కాపురముంటోంది.

"ఇది ఇక మా విడిది. ఖాళీ చెయ్!" అన్నాడు రాజు.

"చిత్తం మహారాజా. పెద్దలకు పెట్టేసి పోతాను." నూకాలు గుహ చివర చీకట్లో నాలుగు విస్తళ్లు పరిచి చద్దన్నం ముద్దలు పెట్టింది.

"ఎవరికవి?"

"చల్లగా ఉందని వచ్చి, ఇక్కడే ఉండిపోయిన ముగ్గురికి."

"మరి నాలుగోది?"

"తమరూ చల్లదనానికే వచ్చారుగా! పేరు పెట్టి పిలిస్తేగానీ వాళ్లు ముద్ద ముట్టరు. తమర్ని ఏ పేరుతో పిలవమంటారు?"

రాజు వెన్నులో చలి పాకింది. పల్లకీ మాటే మరిచి మండుటెండలోకి పరుగెత్తాడు.

నూకాలు పగలబడి నవ్వింది. ఆ ముగ్గురూ ఆమె అప్పటికప్పుడు కల్పించినవాళ్లే. అన్నం తానే తిందామని చీకట్లోకి వెళ్లింది. రాజు విస్తట్లో ముద్ద అలాగే ఉంది. మిగతా మూడూ నాకినట్టు ఖాళీగా ఉన్నాయి.

నూకాలు ఓసారి బయటి ఎండవైపు చూసింది. తర్వాత అన్నం కుండ దగ్గరికి లాక్కుని, "మారు వడ్డించనా?" అని చీకటినడిగింది.