బానెట్ మీద దిష్టి చుక్క

విజయవాడ ఆటోనగర్‌లో నాంచారయ్య అనే బానెట్ల మేస్త్రీ ఉండేవాడు. అతని చేతికి ఎంత పని వచ్చో, నోటికి అంతకు రెట్టింపు వచ్చు. కారుకు కంపెనీ ఇచ్చిన ఇనుప బానెట్ తీసేసి, దాని చోట తేలికైన కార్బన్ ఫైబర్ బానెట్ పెట్టించుకోవడం కార్ల పిచ్చి ఉన్నవాళ్ళకు పెద్ద సరదా. అది నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. లోపలి గుడ్డ నేత పైకి కనబడుతూ ఉంటుంది. ఆ నేత చూసి మురిసిపోవడానికే సగం మంది కొంటారు.

ఈ బానెట్ చేయడం ఓపిక పని. అచ్చులో కార్బన్ గుడ్డ పొరలు పొరలుగా పరవాలి. ప్రతి పొరకూ జిగురు పట్టించాలి. రోలరుతో మెల్లగా నొక్కి, పొరల మధ్య చిక్కిన గాలినంతా బయటికి పంపాలి. ఆ తర్వాత అది గట్టిపడేదాకా దాని జోలికి పోకూడదు. నాంచారయ్యకు ఇదంతా వచ్చు. రానిది ఓపిక ఒక్కటే.

గాలి పూర్తిగా పోకముందే రోలరు పక్కన పడేసేవాడు. సరిగా గట్టిపడకముందే అచ్చులోంచి ఊడదీసేవాడు. అందుకని అతని బానెట్ల మీద ఒకచోట బుడగ ఉండేది, ఒకచోట తెల్లమచ్చ ఉండేది, ఇంకోచోట నేత వంకర తిరిగి ఉండేది. వేరేవాళ్ళయితే సిగ్గుపడి మళ్ళీ చేసేవాళ్ళు. నాంచారయ్య మాత్రం ఒక్కో లోపానికీ ఒక్కో ముద్దుపేరు పెట్టాడు.

"నేత ఇలా వంకర పోయిందేంటండీ?" అని ఎవరైనా అడిగితే, "మీరెప్పుడైనా మంగళగిరి చీర కొన్నారా? పోగు అక్కడక్కడ అటూ ఇటూ అయితేనే అది చేత్తో నేసిందని గుర్తు. మీకు మరమగ్గం సరుకు కావాలా, చేనేత కావాలా?" అనేవాడు.

"మరి ఈ తెల్లమచ్చ?"

"అది వెన్నెల ఫినిష్. అడిగినా అందరికీ చెయ్యం."

"ఈ బుడగ?"

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు నాంచారయ్య నవ్వేవాడు. "దిష్టి చుక్క! పసిపిల్లను బుగ్గన చుక్క పెట్టకుండా బయటికి తీసుకెళ్తామా? ఇంత అందమైన బండి బెంజిసర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగితే ఎన్ని కళ్ళు పడతాయి? అందుకే చుక్క నేనే పెట్టి ఇస్తాను" అనేవాడు. అడగవచ్చినవాడు తప్పు పట్టినందుకు తనే నొచ్చుకుని, బానెట్ బిగించుకుని వెళ్ళిపోయేవాడు.

అతని భార్య నాగేంద్రమ్మ ఇదంతా చూసి నెత్తి కొట్టుకునేది. "ఏవండీ, మీరు బానెట్లు చేత్తో చేస్తున్నారా, నోటితో చేస్తున్నారా?" అని అడిగేది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే పిచ్చిదానా" అనేవాడు నాంచారయ్య.

నోరు మంచిదే. కానీ ఒకసారి కొన్నవాడు రెండోసారి ఆ వీధి తొక్కేవాడు కాదు.

నాగేంద్రమ్మ తమ్ముడు ఏడుకొండలు కూడా రెండు వీధుల అవతల అదే పని చేసేవాడు. అతనిది పూర్తిగా వేరే తంతు. మనిషి ముభావి. బేరానికి వచ్చినవాళ్ళతో, "దీని లోపల గాలి ఉండిపోయింది, ఇది మీకు వద్దు. మళ్ళీ చేస్తాను, ఆగండి" అనేవాడు. వచ్చినవాళ్ళు విసుక్కునేవాళ్ళు, సణుక్కునేవాళ్ళు, అయినా ఆగేవాళ్ళు. "మా బావమరిదికి వ్యాపారం తెలీదు. తన సరుకు తప్పులు తనే చాటింపు వేసుకుంటాడు" అని నాంచారయ్య టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఇలా నవ్వుతూ నవ్విస్తూ ఉండగానే నాంచారయ్య షెడ్డులో పని సన్నగిల్లింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే షెడ్డు మూసేసి, ఎవరినైతే ఎగతాళి చేశాడో ఆ బావమరిది కిందే పనికి చేరాలి. ఆ మాట తలచుకుంటేనే నాంచారయ్యకు అన్నం దిగేది కాదు.

సరిగ్గా అప్పుడు డాక్టర్ ఇందుమతి వచ్చింది. ఆమె పళ్ళ డాక్టరు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా జనం నోళ్ళలోకి తొంగిచూసి, ఆదివారం వస్తే కారు తీసి రోడ్డెక్కేది. ఊళ్ళో కార్ల సరదా ఉన్నవాళ్ళందరూ కలిసి పెట్టుకున్న క్లబ్బుకు ఆమే ప్రెసిడెంటు.

"ముందు నా కారుకి ఒకటి పెట్టండి నాంచారయ్యగారూ. అది బాగుంటే మా క్లబ్బు వాళ్ళందరి కార్లకూ మీరే చేద్దురుగాని" అంది.

నాంచారయ్యకు ఆకాశం అందినంత పనైంది. ఈ ఒక్క బేరం కుదిరితే షెడ్డు నిలబడుతుంది, బావమరిది ముందు తల వంచాల్సిన అవసరం తప్పుతుంది. అలాంటి పని ఎంత జాగ్రత్తగా చేయాలి? కానీ తొందరగా చేసిస్తే డాక్టరమ్మ మెచ్చుకుంటుందని అతని లెక్క. ఎప్పటికంటే ముందే రోలరు పక్కన పడేశాడు. ఎప్పటికంటే ముందే అచ్చులోంచి ఊడదీశాడు. పైన మాత్రం అద్దంలా మెరిసేదాకా పాలిష్ పెట్టాడు.

డాక్టర్ ఇందుమతి వచ్చి బానెట్ చుట్టూ తిరిగింది. ముందుభాగాన, సరిగ్గా లాక్ కొక్కెం బిగించిన చోట, ఆమె వేలు ఆగింది. అక్కడ ఒక తెల్లమచ్చ, మచ్చ మధ్యలో ఒక బుడగ ఉన్నాయి.

"ఇదేంటండీ?"

"వెన్నెల ఫినిష్ మీద దిష్టి చుక్క మేడమ్! రెండూ ఒకేచోట పడటం చాలా అరుదు" అన్నాడు నాంచారయ్య.

ఆమె పకపకా నవ్వింది. "నా దగ్గరికొచ్చేవాళ్ళు కూడా పన్ను మీద నల్లచుక్క చూపించి ఇలాంటి కబుర్లే చెప్తారు. పోనీ, లాక్‌కు తోడుగా రెండు పిన్నులు బిగించండి, లాక్ ఊడినా బానెట్ లేవకుండా ఉంటుంది" అంది.

"పిన్నులా! అంత అందమైన ముఖానికి ఇనుప మేకులు కొడతామా మేడమ్?"

"సరే. ఆదివారం క్లబ్బు వాళ్ళం హంసలదీవి వెళ్తున్నాం. మీరు నా పక్క సీట్లో కూర్చోండి. బానెట్ క్షేమంగా వెళ్ళి క్షేమంగా వస్తే, తిరిగి రాగానే అందరి కొలతలూ తీసుకోండి" అంది.

ఆదివారం నాంచారయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కారులో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. వెనకాల క్లబ్బు కార్లన్నీ వరసగా వస్తున్నాయి. ఎండ చురచురలాడుతోంది. పామర్రు దాటేదాకా అంతా బాగానే ఉంది. చల్లపల్లి దగ్గర బానెట్ ముందుభాగం టపటపమని చప్పుడు చేసింది.

"ఏంటా చప్పుడు?" అంది డాక్టర్ ఇందుమతి.

"కొత్త వస్తువు కదండీ, సర్దుకుంటోంది" అన్నాడు నాంచారయ్య.

అవనిగడ్డ దాటాక అది నిజంగానే సర్దుకుంది. మూట సర్దుకుంది! తెల్లమచ్చ ఉన్న చోట పొర ఫట్టున చీలి, లాక్ కొక్కెం ఊడిపోయింది. బానెట్ ఒక్కసారిగా పైకి లేచి కారు అద్దానికి అడ్డంగా నిలబడింది. ముందు రోడ్డు లేదు, ఆకాశం లేదు, ఉన్నదల్లా నల్లటి కార్బన్ గుడ్డ. "బాబోయ్! తల్లోయ్!" అని నాంచారయ్య కాళ్ళు సీటు మీదికి లాక్కుని కేకలు పెట్టాడు. డాక్టర్ ఇందుమతి మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ, కారును మెల్లగా రోడ్డు పక్కకు తీసి ఆపింది. కారు ఆగేలోగా బానెట్ కీళ్ళతో సహా ఊడి గాల్లోకి లేచి, రోడ్డు పక్కనున్న చెరకురసం బండి ముందు పడింది.

అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్లబ్బు వాళ్ళందరూ కార్లు ఆపి పరిగెత్తుకొచ్చారు. చెరకురసం అమ్మే ఆయన గ్లాసులు పక్కన పెట్టి, బానెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రేకు తేలిగ్గా ఉందయ్యా. మా బండికి పైకప్పుగా సరిపోద్ది. ఇస్తారా?" అన్నాడు. తర్వాత వేలుపెట్టి చూపించి, "ఇక్కడేంటి, బుడగలా ఉంది?" అన్నాడు.

నాంచారయ్య ఇంకా చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు. కానీ అలవాటు పడిన నోరు ఆగుతుందా? "అది దిష్టి చుక్కండీ!" అని అనేసింది.

క్లబ్బు వాళ్ళందరూ అతని వైపు చూశారు. తర్వాత ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత రోడ్డు పక్కనంతా ఒకటే నవ్వు. నాంచారయ్య తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, తిరుగు ప్రయాణంలో అవనిగడ్డ నుంచి బస్సెక్కాడు.

ఇంటికి వచ్చి మంచం మీద పడుకున్నాడు. నాగేంద్రమ్మ మంచినీళ్ళిచ్చి, అంతా విని, నెమ్మదిగా ఒక్క మాట అంది. "కారులో మీరూ ఉన్నారు కదండీ. మీకేమన్నా అయ్యుంటే?"

ఆ మాటకు నాంచారయ్యకు మొదటిసారి నిజంగా భయం వేసింది. భయంతో పాటు సిగ్గూ వేసింది. మర్నాడే లేచి కొత్త బానెట్ మొదలుపెట్టాడు. ఈసారి రోలరు కింద పెట్టలేదు. చేతులు నొప్పి పుట్టేదాకా గాలి నొక్కాడు. లాక్ చోట అదనంగా పొరలు వేశాడు. ఊడదీద్దామని చేతులు దురద పెడుతుంటే, వాటిని వెనక్కి కట్టుకుని షెడ్డు బయట పచార్లు చేశాడు. చివరికి బయటికి తీస్తే, అతను తన జన్మలో అంత మంచి బానెట్ చేయలేదు. నేత గీత గీసినట్టుంది. మచ్చ లేదు. ఎక్కడో ఒక మూల ఆవగింజంత చుక్క మాత్రం ఉంది. అది మెరుపు కోసం పైన వేసే పూతలో పడింది. దానివల్ల బలానికి వచ్చిన లోటేమీ లేదు.

బానెట్‌ను ఆటోలో వేసుకుని డాక్టర్ ఇందుమతి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆమె బయటికి వచ్చి చూసింది. పళ్ళు చూసే కళ్ళు కదా, నేరుగా ఆ చుక్క మీదే పడ్డాయి.

"మరి ఇదేంటండీ?"

"పైపూతలో పడ్డ బుడగ మేడమ్. లోపలికి పోలేదు. బలానికి ఢోకా లేదు" అన్నాడు నాంచారయ్య. అతను జీవితంలో బానెట్ గురించి చెప్పిన మొదటి నిజం అదే.

ఆమె చిరునవ్వు నవ్వింది. "పేరు మార్చారే! బాగుంది. కానీ వద్దులెండి" అని లోపలికి వెళ్ళిపోయింది. వరసలో కూర్చున్న రోగులు కూడా, దవడలు పట్టుకుని మరీ నవ్వారు. అప్పటికే చెరకురసం బండి కథ ఊరంతా పాకిపోయింది.

నాంచారయ్య నెత్తీ నోరూ బాదుకున్నా ఇంక వినేవాళ్ళు లేరు. షెడ్డు మూతపడింది. రోలరూ అచ్చులూ ఆ బానెట్టూ మోసుకుని బావమరిది దగ్గరికి వెళ్ళాడు. ఏడుకొండలు బానెట్‌ను నేల మీద పెట్టి, లోపల గాలి ఉందేమోనని రూపాయి బిళ్ళతో అంగుళం అంగుళం తట్టి విన్నాడు. తిరగేసి అడుగు చూశాడు. లాక్ చోట బలమంతా పెట్టి లాగాడు.

"బంగారంలా చేశావు బావా. రేపటినుంచి పనిలోకి రా. కానీ ఒక్క మాట. చేతులు తెచ్చుకో, నోరు మా అక్క దగ్గర పెట్టి రా" అన్నాడు.

కొన్నాళ్ళకు డాక్టర్ ఇందుమతి ఏడుకొండలు షెడ్డుకు వచ్చింది. గోడకు ఆనించి ఉన్న ఆ బానెట్ ఆమె కంటబడింది. నాంచారయ్య గబగబా కార్ల చాటున నక్కాడు.

"ఈ మూల చుక్క ఏంటండీ?" అంది ఆమె.

"పైపూతలో పడ్డ బుడగండీ. లోపలికి పోలేదు. బలానికి ఢోకా లేదు" అన్నాడు ఏడుకొండలు.

"అలాగా. అయితే నా కారుకి బిగించండి. పిన్నులు కూడా పెట్టండి. బాగుంటే మా క్లబ్బు వాళ్ళందరికీ చేద్దురుగాని."

"బిగిస్తానండీ. కానీ ఇది చేసింది నేను కాదు, మా బావ నాంచారయ్య."

డాక్టర్ ఇందుమతి కళ్ళు పెద్దవి చేసి బానెట్ వంక చూసింది. నాంచారయ్య ఇక ఉండబట్టలేక కారు చాటునుంచి బయటపడ్డాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ. "ఇదే బానెట్టు కదమ్మా నేను తెచ్చింది! అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట కదమ్మా నేను చెప్పింది! అప్పుడెందుకు నమ్మలేదు?"

"మాట అదేనండీ" అంది డాక్టర్ ఇందుమతి, నవ్వు ఆపుకుంటూ. "కానీ ఆ రోజు అన్నది మీరు."

నాంచారయ్య రోలరు తీసుకుని లోపలికి వెళ్ళి పనిలో కూర్చున్నాడు.

నీతి: తప్పును గొప్పగా చెప్పి అమ్ముకునేవాడి నిజాన్ని, అది నిజమైన రోజున కూడా ఎవరూ కొనరు.