తాళం వేసిన మండువా

శేషశాయికి నాలుగు పాళ్లు తక్కువ పడ్డాయి.

గోదావరి గట్టున పెద్దస్వామి ఆశ్రమంలో, ఇక డాక్టర్లు చేసేదేమీ లేదని ఇంటికి పంపేసిన రోగుల కోసం ఒక విశ్రాంతి మందిరం కట్టారు. దగ్గరుండి కట్టించినవాడు శేషశాయి. కాషాయం కట్టకముందు ఇంజనీరు. కట్టాక కూడా లోపల ఇంజనీరే. ఈ భవనానికి హరిత భవనం గుర్తింపు తెచ్చి చూపిస్తానని పదిమందిలో అనేశాడు. తీరా పరిశీలకులు ఎల్లుండి వస్తారనగా, స్థలంలో నూటికి ముప్పై పాళ్లు ఆరుబయలుగా వదలాలన్న నిబంధన దగ్గర ఇరుక్కున్నాడు. ఎన్నిసార్లు కొలిచినా ఇరవయ్యారే. పరువు పోయేలా ఉంది.

అప్పుడు కళ్లబడింది మండువా. భవనం నట్టనడుమ నాలుగు వైపులా అద్దాలు, పైన ఆకాశం, కింద పచ్చగడ్డి. అది కలిపితే లెక్క సరిపోతుంది. కాకపోతే, ఆరుబయలంటే మనుషులు వెళ్లి మసలడానికి వీలుండాలని రాసి ఉంది. మండువాకి అద్దం తలుపుంది. ఆ తలుపుకి ఎప్పుడూ తాళం ఉంటుంది. తాళంచెవి శేషశాయి బొడ్లో ఉంటుంది. రోగులు తొక్కి గడ్డి పాడుచేస్తారని అతని బెంగ.

ఆలోచించగా ఆలోచించగా ఒక వాదన దొరికింది. సంబరంగా పెద్దస్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"వెళ్లడానికి దారి ఉండాలన్నారు స్వామీ. తలుపుంది కదా. తాళం వేయకూడదని ఎక్కడా రాయలేదు."

పెద్దస్వామి అప్పుడే భోజనానికి కూర్చున్నారు. అవుననలేదు, కాదనలేదు. విస్తట్లోంచి ఒక అన్నం ముద్ద తీసి ఆకుముక్కలో పెట్టుకుని లేచారు. "పద, చూద్దాం" అన్నారు.

మిట్టమధ్యాహ్నం. శేషశాయి తలుపు తీశాడు. ఇద్దరూ లోపలికి వెళ్లాక, అలవాటు కొద్దీ లోపలినుంచి మళ్లీ తాళం వేసేశాడు. వార్డులో దగ్గులూ మూలుగులూ ఫ్యాన్ల రొదా అన్నీ అద్దాల అవతలే ఆగిపోయాయి. తన ఊపిరి తనకే వినపడుతుంటే అతనికి ఏదోలా అనిపించింది. ఇన్నాళ్లలో తనూ ఇక్కడ ఒక్క నిమిషం నిలబడలేదని అప్పుడు తట్టింది.

స్వామి గడ్డి మీద ఆకు పెట్టి ఎడంగా జరిగారు. పైన డాబా పిట్టగోడ మీద ఒక కాకి వచ్చి వాలింది.

శేషశాయి నవ్వబోయాడు. ఎవరు పోయారని ఈ ముద్ద అని అడిగాడు. ఉత్త అన్నమే నాయనా, తింటుందేమో చూద్దామన్నారు స్వామి.

కాకి దిగలేదు. అరవనూ లేదు. వంటశాల వెనక ఎంగిలాకుల కోసం కొట్టుకుచచ్చే కాకులివి, వేడన్నం పెడితే వద్దంటాయా? అది మెడ వాల్చి చూస్తోంది. చూపు ముద్ద మీద లేదు, శేషశాయి మీద ఉంది. అతను రెండడుగులు పక్కకు జరిగాడు. కాకి మెడా అటే తిరిగింది.

అద్దాల వెనక ఒక్కొక్కరే చేరారు. చక్రాల కుర్చీల్లో కొందరు, గోడ పట్టుకుని కొందరు. కాకి ముట్టడం లేదంటే అర్థమేమిటో వాళ్లకి ఒకరు చెప్పాలా? పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిపోయిందన్నమాట. అందరి పెదవులూ కదులుతున్నాయి, మాట ఒక్కటీ వినపడదు. అంత ఇరుకులోనూ మధ్యలో ఒక్క చోటు మాత్రం వదిలేసి నిలబడ్డారు.

ఆ చోటు శేషశాయికి తెలుసు. మంగతాయారు అనే ముసలావిడ రోజూ అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చునేది. అతను కనపడితే చాలు, ఒక్కసారి ఆ గడ్డిలో కాళ్లు పెట్టనివ్వు బాబూ అని బతిమాలేది. పరిశీలన అయిపోనీ పెద్దమ్మా, తీయిస్తాను అనేవాడు. కిందటి నెల ఆవిడ పోయింది. కొడుకులు పెట్టిన పిండం కాకి ముట్టిందో లేదో అతను కనుక్కోలేదు.

ఆ ఖాళీ చోటు ముందు, కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో, అద్దం మీద ఊపిరి ఆవిరి కమ్మి ఉంది. చూస్తూండగానే అది కరిగిపోయి, మళ్లీ కమ్మింది.

శేషశాయి కాకివైపు తిరిగి చేతులు జోడించాడు.

"పెద్దమ్మా, పరిశీలన అయిపోగానే తలుపు తీయిస్తాను."

కాకి కదల్లేదు.

"ఈ మాట ఆవిడకి ముందే చెప్పి ఉంటావు" అన్నారు స్వామి మెల్లగా.

ఎవరావిడ అని శేషశాయి అడగలేదు. మీకెలా తెలుసనీ అడగలేదు. బొడ్లోంచి తాళంచెవి తీయబోతే అది గడ్డిలో జారిపోయింది. తడిమి వెతికి పట్టుకుని, తలుపు బార్లా తీసి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. వార్డు చప్పుడంతా ఒక్కసారిగా లోపలికి వచ్చింది. అందరికంటే ముందున్న ముసలాయన చెప్పులు గుమ్మంలో విడిచి, గడ్డిలో పాదం పెట్టి, అలాగే ఉండిపోయాడు.

వెనక, ముద్ద పెట్టిన వైపు రెక్కల చప్పుడైంది. శేషశాయి తిరిగి చూడలేదు. చూడకూడదని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పింది.

"ఇప్పుడు వేసుకో లెక్కలో" అన్నారు స్వామి.